మసి పులిపిరి నుంచి సిమెంటు గజ్జి దాకా: పనివాళ్ళ చర్మం చెప్పిన చరిత్ర

మన వార్షిక సంచికలో ఒక చరిత్ర వ్యాసం ఉండటం ఆనవాయితీ. వలసల చరిత్ర రాయమని కొందరు, రేవు పట్టణాల గురించి రాయమని కొందరు అడిగారు. ఈసారి మేము చర్మం గురించి రాస్తున్నాం. కారణం చెప్పేస్తాం. క్యాంపులకు వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు మమ్మల్ని పక్కకు పిలిచి, చొక్కా పైకెత్తి, "అన్నా, ఇదేందో చూడు" అంటారు. డాక్టరుకు చూపించావా అంటే జవాబు ఒకటే: "మెడికల్‌లో అన్‌ఫిట్ అని రాస్తే వీసా పోతది గదా!" ఇంటి పనిచేసే అక్కచెల్లెళ్ళయితే మేడమ్‌కి కనబడకుండా చేతులు చున్నీలో దాచుకుంటారు.

ఒంటి మీద వచ్చినదాన్ని పని పోతుందని దాచుకోవడం మనతో మొదలైంది కాదు. చర్మ క్యాన్సర్ గురించి వైద్యులకు తెలిసినదాంట్లో చాలా భాగం పనివాళ్ళ ఒళ్ళు చూసి నేర్చుకున్నదే. చాలాసార్లు జబ్బు సంగతి వైద్యుడికన్నా ముందు పనివాడికే తెలుసు. మొదటి కథే చూడండి.

పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో ఇళ్ళు బొగ్గు మంటతో వెచ్చబడేవి. పొగగొట్టాల్లో పేరుకున్న మసి గీకాలంటే మనిషి లోపలికి ఎక్కాలి. గొట్టం ఇరుకు, పెద్దవాళ్ళు పట్టరు. అందుకని పేదింటి పిల్లల్ని, దిక్కులేని పిల్లల్ని చిన్నప్పుడే పనికి తీసుకునేవారు. బట్టలు చిక్కుకుంటాయని చాలామంది దాదాపు ఒంటిమీద బట్ట లేకుండానే ఎక్కేవాళ్ళు. స్నానం ఎప్పుడో ఒకసారి. మసి చర్మం ముడతల్లో ఏళ్ళ తరబడి ఉండిపోయేది. ఆ పిల్లలు ఎదిగి యువకులయ్యాక బీజాల సంచి మీద చిన్న పుండు లేచేది. అంచులు గట్టిపడి నొప్పి పెట్టేది. అది ఎక్కువగా ఆ వృత్తిలోనే వస్తుందని పనివాళ్ళకు బాగా తెలుసు, దానికి ఒక పేరు కూడా పెట్టుకున్నారు: మసి పులిపిరి. డాక్టర్లేమో చోటు చూసి సుఖవ్యాధి అనుకుని పాదరసం మందులు ఇచ్చేవారు. దాంతో రోగం తగ్గేది కాదు, పైగా రోగికి చెడ్డపేరు.

సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రి సర్జన్ పెర్సివల్ పాట్ 1775లో ఇది సుఖవ్యాధి కాదని, ముడతల్లో నిలిచిన మసి వల్ల వచ్చే క్యాన్సర్ అని రాశాడు. లోపలికి పాకకముందే ఆ భాగం కోసేస్తేనే మనిషి బతుకుతాడని కూడా చెప్పాడు. పని వల్ల క్యాన్సర్ వస్తుందని వైద్యశాస్త్రం స్పష్టంగా గుర్తించిన మొదటి సందర్భంగా దీన్నే చెబుతారు. పాట్ గొప్పతనం మేము కాదనం. కానీ ఆ పేరు పెట్టినవాళ్ళు చదువులేని కూలీలన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత జరిగింది చూస్తే మనకు మరీ తెలిసిన కథలా ఉంటుంది. 1788లో ఎనిమిదేళ్ళలోపు పిల్లల్ని ఈ పనికి పెట్టకూడదని చట్టం వచ్చింది. అమలు చేసేవాడు లేడు. మళ్ళీ చట్టం, మళ్ళీ చట్టం. 1875లో ఒక పిల్లాడు గొట్టంలో ఇరుక్కుని చనిపోయాక వచ్చిన చట్టంతో గానీ పిల్లల్ని ఎక్కించడం ఆగలేదు. అంటే పాట్ రాసిన తర్వాత సరిగ్గా నూరేళ్ళు. 1892లో హెన్రీ బట్లిన్ అనే ఇంకో సర్జన్, యూరప్‌లోని మిగతా దేశాల్లో ఈ పని చేసేవాళ్ళకు ఈ జబ్బు ఎందుకు అంత అరుదు అని ఆరా తీశాడు. అక్కడివాళ్ళు ఒంటికి అతుక్కునే దళసరి బట్టలు వేసుకుంటున్నారు, పని అయ్యాక ఒళ్ళు కడుక్కుంటున్నారు. తేడా అంతే. ఒక జత బట్టలు, ఒక తొట్టి నీళ్ళు!

మసిలో ఉన్నదేమిటో తేలడానికి ఇంకొంత కాలం పట్టింది. టోక్యోలో యామగివా, ఇచికావా అనే ఇద్దరు పరిశోధకులు కుందేళ్ళ చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ తెప్పించగలిగారు. అది 1915. లండన్ శాస్త్రవేత్తలు రెండు టన్నుల తారు మడ్డిని వడకట్టి, వడకట్టి, 1933లో అందులోంచి బెంజోపైరీన్ అనే పదార్థాన్ని విడదీశారు. ఈలోగా లాంకషైర్ నూలు మిల్లుల్లో మగ్గువాళ్ళ పక్కన దారం వడికే కార్మికులకు యంత్రాల నూనె తొడల మీద, పొత్తికడుపు కింద చిమ్మి చిమ్మి అదే రకం క్యాన్సర్ వచ్చింది. 1922లో డాక్టర్లు లెక్కతో సహా బయటపెడితే, మిల్లులకు ప్రత్యేక నిబంధనలు వచ్చింది 1953లో. గ్యారేజీల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసే మన తమ్ముళ్ళు నూనె గుడ్డను ప్యాంటు జేబులో కుక్కుకుని తిరగడం చూస్తుంటాం. ఆ అలవాటు మానుకోండి. నూనె అంటిన పని బట్టలు విడిగా ఉతకండి.

మంట, రసాయనం లేకుండా వచ్చే గాయం ఇంకొకటి. ఎక్స్ కిరణాలు 1895లో కనిపెట్టారు. నాలుగేళ్ళకే స్వీడన్‌లో చర్మ క్యాన్సర్‌కు వాటితో వైద్యం మొదలైంది. అదే సమయంలో అమెరికాలో ఎడిసన్ ప్రయోగశాలలో గాజు పని చేసే క్లారెన్స్ డాలీ ఆ గొట్టాల ముందు రోజూ తన చేతులే పెట్టి పరీక్షించేవాడు. చేతులు కాలాయి, పుండ్లు పడ్డాయి, క్యాన్సర్ అయింది. రెండు చేతులూ తీసేసినా దక్కలేదు, 1904లో పోయాడు. పైపులైన్ వెల్డింగులను ఎక్స్‌రే తీసే పనుల్లో మనవాళ్ళు ఉన్నారు. సైట్‌లో ఆ తాడు కట్టిన హద్దు, ఒంటికి పెట్టుకునే బ్యాడ్జీ ఊరికే పెట్టినవి కావు.

ఇక ఎండ సంగతి. ఇక్కడ జూన్, జూలై ఎండ గురించి మనకు ఒకరు చెప్పాలా? హాంబర్గ్ రేవులో వైద్యం చేసే పాల్ ఉన్నా 1894లో ముసలి నావికుల మొహం, మెడ, చేతుల మీద చర్మం మొరటుబారి, మచ్చలు తేలి, చివరకు క్యాన్సర్‌గా మారడం చూసి దానికి నావికుల చర్మం అని పేరు పెట్టాడు. ఇంచుమించు అదే కాలంలో ఫ్రాన్స్‌లో డుబ్రెయిల్ అనే వైద్యుడు ద్రాక్షతోట కూలీల మొహాల మీద ఇదే చూశాడు. 1928లో ఫిండ్లే అతినీలలోహిత దీపం కింద ఎలుకలకు క్యాన్సర్ తెప్పించడంతో ఎండలోని ఏ భాగం హాని చేస్తుందో రుజువైంది.

మనది చామనఛాయ, మనకు ఎండ క్యాన్సర్ రాదు అని చాలామంది ధీమా. అందులో సగం నిజం ఉంది. చర్మంలోని నల్ల రంగు ఆ కిరణాలను బాగానే అడ్డుకుంటుంది, తెల్లవాళ్ళతో పోలిస్తే మనకు ఈ జబ్బు చాలా తక్కువ. మిగతా సగం ఏమిటంటే, మనలాంటివాళ్ళకు వచ్చినప్పుడు అది తరచుగా ఎండ తగలని చోట వస్తుంది: అరికాలు, అరచేయి, గోరు కింద, పాత కాలిన మచ్చలో. ఎవరూ చూడని చోటు కాబట్టి ముదిరాక బయటపడుతుంది. పాటగాడు బాబ్ మార్లీ కాలి బొటనవేలి గోరు కింద మచ్చను ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1977లో అది మెలనోమా అని తేలింది. 1981లో ముప్పై ఆరేళ్ళకే చనిపోయాడు. సేఫ్టీ షూ తగిలి గోరు నల్లబడటం మనకు మామూలే. దెబ్బ నలుపయితే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగిపోతుంది. జరగకుండా అక్కడే ఉండి వెడల్పవుతున్నా, గోరు చుట్టూ చర్మానికి పాకినా ఆ నలుపు దెబ్బది కాకపోవచ్చు. పుట్టుకతోనే రంగు లేని తెల్ల చర్మం ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకు ఎండే పెద్ద శత్రువు, ఎండ పని అసలు ఒప్పుకోకూడదు.

పాత మచ్చ అన్నాం గదా. మన దేశం చరిత్ర ఇక్కడ వస్తుంది. కాశ్మీర్‌లో చలికి జనం నిప్పులు పోసిన కుంపటి బుట్ట, కాంగ్రీ, అంగరఖా లోపల పొట్టకు ఆనించి పెట్టుకుంటారు. ఏటా అదే చోట కమిలి కమిలి పొట్ట మీద, తొడల మీద క్యాన్సర్ రావడం 1866లోనే ఎల్మ్‌స్లీ అనే మిషనరీ వైద్యుడు రాశాడు. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో పాథాలజిస్టుగా ఉన్న ఖానోల్కర్, సూర్యాబాయి కలిసి 1945లో అలవాట్ల వల్ల వచ్చే క్యాన్సర్ల మీద ఒక వ్యాసం ప్రచురించారు. అందులో ఒకటి ధోతీ క్యాన్సర్. నడుం దగ్గర పంచె బిగించి కట్టే చోట ఏళ్ళ తరబడి ఒరిపిడి వల్ల ముందు రంగు పోతుంది, తర్వాత చర్మం దళసరి అవుతుంది, చివరికి పుండు. చీర కట్టేవాళ్ళకు లంగా నాడా దగ్గరా ఇలాంటివి తర్వాత కనిపించాయి. ఆ వ్యాసంలో ఇంకొకటి అచ్చంగా మన ప్రాంతానిది, చర్మానిది కాదు గానీ చెప్పకుండా ఉండలేం: చుట్టను నిప్పు లోపలికి పెట్టి తాగే అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్. విశాఖ, శ్రీకాకుళం తీరంలో మా నాయనమ్మల తరం ఆడవాళ్ళు చాలామంది అలాగే తాగేవాళ్ళు.

కాలిన మచ్చల్లో, ఏళ్ళ తరబడి మానని పుండ్లలో క్యాన్సర్ పుట్టడాన్ని మార్జొలిన్ పుండు అంటారు. 1828లో ఫ్రెంచి సర్జన్ మార్జొలిన్ ఇలాంటి పుండ్లను వర్ణించాడు. కాలినప్పటి నుంచి ఇది రావడానికి పదులేళ్ళు పట్టవచ్చు. చిన్నప్పుడు పొయ్యిలో పడ్డవాళ్ళు, వేడి నూనె మీదపడ్డ వంటవాళ్ళు, వెల్డర్లు ఆ పాత మచ్చను అప్పుడప్పుడు తడిమి చూసుకోవాలి. మానిన మచ్చలో మళ్ళీ పుండు లేచి ఊరికే పగులుతూ ఉంటే మలాము రాస్తూ కూర్చోవద్దు.

ఇంతదాకా క్యాన్సర్ గురించే చెప్పాం, భయపెట్టాలని కాదు. మాకు చూపించే పది మచ్చల్లో దాదాపు అన్నీ వేరేవే. అందులో పెద్ద వాటా సిమెంటుది.

పారిస్ మెట్రో సొరంగాలు తవ్వేటప్పుడు అక్కడి కూలీలకు చేతులు పగిలి, దురద పెట్టి, రసి కారడం మొదలైంది. 1908లో దీని గురించి రాసిన డాక్టర్ పెట్టిన పేరుకు తెలుగు చేస్తే అచ్చం సిమెంటు గజ్జి. మన మేస్త్రీలు కూడా అదే మాట అంటారు. గజ్జి పురుగుకు దానికి సంబంధం లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. సిమెంటు రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది. తడి సిమెంటు సున్నంలాంటి గాఢ క్షారం. మోకాళ్ళ మీద కూర్చుని ఫ్లోరింగ్ చేసేటప్పుడు, గంబూట్ లోపలికి కాంక్రీటు పోయినప్పుడు మొదట నొప్పే తెలియదు, సాయంత్రానికి చర్మం కాలిపోయి ఉంటుంది. వెంటనే తడి బట్ట విప్పేసి ధారగా నీళ్ళతో చాలాసేపు కడగాలి. రెండోది క్రోమియం అలర్జీ. సిమెంటులో కొద్దిగా ఉండే క్రోమేటు వల్ల ఇది వస్తుందని 1950లో స్విట్జర్లాండ్ డాక్టర్లు తేల్చారు. ఒకసారి అలర్జీ పట్టుకుంటే చాలామందికి ఏళ్ళ తరబడి వదలదు.

దీనికి విరుగుడు ఉంది, అదీ ఖరీదైనది కాదు. సిమెంటులో కాస్త ఫెర్రస్ సల్ఫేటు కలిపితే ఆ క్రోమేటు హాని చేయని రూపంలోకి మారుతుంది. డెన్మార్క్‌లో 1981 నుంచే ఇలా కలపడం మొదలెట్టారు, అక్కడ ఈ జబ్బు బాగా తగ్గింది. యూరప్ దేశాలన్నిటికీ 2005లో పది లక్షల భాగాలకు రెండు భాగాలకు మించి ఆ క్రోమియం ఉండకూడదని నిబంధన వచ్చింది. మీ సైట్‌కు వచ్చే బస్తా మీద ఏం రాసుందో సేఫ్టీ ఆఫీసర్‌ని అడగండి. అడిగితే తప్పేం లేదు. గ్లవ్స్ తోలువి కాకుండా నీరు పట్టనివి అడగండి, తోలు సిమెంటు నీళ్ళు పీల్చి చర్మానికే అంటిస్తుంది. ఇంటి పనివాళ్ళకు సబ్బులు, క్లోరిన్ వల్ల వచ్చే చేతుల పగుళ్ళు కూడా ఈ కుటుంబానివే: లోపల నూలు గ్లవ్, పైన రబ్బరు గ్లవ్, పడుకునే ముందు దండిగా వాసలైన్.

అసలు గజ్జి కథలోనూ డాక్టర్లకు పాఠం చెప్పింది పేదవాళ్ళే. ఇటలీలో 1687లోనే బొనోమో గజ్జి పురుగును చూసి బొమ్మ గీశాడు, పేద తల్లులు పిల్లల చర్మంలోంచి సూదితో దాన్ని తీయడం అతని కళ్ళబడింది. పెద్ద డాక్టర్లు నమ్మలేదు. నూటయాభై ఏళ్ళ తర్వాత, 1834లో, కార్సికా దీవి నుంచి పారిస్‌కు చదువుకోవడానికి వచ్చిన రెనుచి అనే విద్యార్థి, తన ఊరి ఆడవాళ్ళు చేసినట్టే సూదితో పురుగును తీసి ప్రొఫెసర్ల ముందు పెట్టాడు. క్యాంపు గదిలో ఒక్కరు మందు రాసుకుంటే గజ్జి పోదు. పర్మెత్రిన్ క్రీము గదిలో అందరూ ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ళ దాకా రాసుకోవాలి, పొద్దున కడుక్కోవాలి, వారానికి మళ్ళీ రాసుకోవాలి. దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి. పిల్లలున్న ఇల్లయితే, గర్భిణులయితే డాక్టరునో ఫార్మసీనో అడిగి రాయాలి.

ఇక షాపులో ఇచ్చే ట్యూబు. చర్మానికి రాసే స్టెరాయిడ్ 1952లో వచ్చింది, ఎగ్జిమాకు అది నిజంగా వరమే. తామరకు రాస్తే మాత్రం రెండు రోజులు దురద తగ్గినట్టుండి, లోలోపల పాకిపోతుంది, ఆకారం మారి డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఊరి నుంచి వచ్చేవాళ్ళతో డజన్లకొద్దీ తెప్పించుకోవడం ఆపాలి. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే అది కుష్ఠు కావచ్చు. గల్ఫ్ మెడికల్‌లో దాన్ని చూస్తారు కాబట్టే మనవాళ్ళు దాస్తారు. దాస్తే నరాలు చచ్చి వేళ్ళు వంకరపోతాయి. 1980ల నుంచి వాడుతున్న మందులతో అది పూర్తిగా నయమవుతుంది, మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు.

మరి ఏ మచ్చను క్యాన్సరేమోనని అనుమానించాలి? 1985లో న్యూయార్క్ డాక్టర్లు మామూలు జనం కోసం ఏ-బి-సి-డి అని ఒక గుర్తు తయారుచేశారు. 2004లో దానికి ఇ కలిపారు. మన మాటల్లో చెప్పుకుందాం. పుట్టుమచ్చను మధ్యకు మడిచినట్టు ఊహించుకుంటే రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచు చింపిరిగా ఉండటం, ఒకే మచ్చలో నలుపు, గోధుమ, ఎరుపు కలగలిసి ఉండటం, పెన్సిల్ వెనక రబ్బరు కన్నా, అంటే 6 మిల్లీమీటర్ల కన్నా పెద్దది కావడం, ఇవన్నిటికన్నా ముఖ్యంగా మారుతూ ఉండటం. ఇది మెలనోమాకు. మిగతా రెండు రకాలు ఇంకోలా ఉంటాయి: ముత్యంలా మెరిసే బుడిపె, మధ్యలో గుంటపడి పక్కు కడుతూ ఊడుతూ ఉండేది ఒకటి, గరుకుగా పొక్కులా పెరిగి ముట్టుకుంటే రక్తం కారేది ఒకటి. మనవాళ్ళకు మొదటిది నల్లగా కూడా ఉండవచ్చు, పుట్టుమచ్చ అని మోసపోతాం. ఏదైనా సరే, నెల దాటినా మానని పుండును చూపించాలి. ఫోన్‌తో పక్కన నాణెం పెట్టి ఫోటో తీసి, నెల తర్వాత మళ్ళీ తీస్తే పెరిగిందో లేదో తెలుస్తుంది. అరికాలు మీకు మీరు చూసుకోలేకపోతే రూమ్మేట్‌ని చూడమనండి, సిగ్గెందుకు?

చికిత్స గురించి కూడా తెలుసుకుంటే భయం తగ్గుతుంది. 1930లలో అమెరికాలో ఫ్రెడరిక్ మోస్ క్యాన్సర్‌ను పొర పొరగా కోస్తూ, ప్రతి పొరనూ మైక్రోస్కోపులో చూస్తూ, ఆనవాలు లేనిదాకా తీసే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పటికీ మొహం మీది క్యాన్సర్లకు అది మేలైనది. అన్నిచోట్లా అది దొరకకపోయినా మామూలు ఆపరేషన్‌తో, కొన్నిటికి రేడియేషన్‌తో చాలామంది నయమవుతారు. మెలనోమా లెక్క వేరు. 1970లో బ్రెస్లో అనే పాథాలజిస్టు మచ్చ ఎంత వెడల్పుందని కాక ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లలో కొలిచి చూపించాడు. ఒక మిల్లీమీటరు లోపు ఉంటే చాలామందికి కోసేస్తే సరిపోతుంది. లోతు పెరిగేకొద్దీ గండం పెరుగుతుంది. 2011 నుంచి ఒంటి రోగనిరోధక శక్తినే లేపే మందులు వచ్చాయి, ముదిరినవాళ్ళలోనూ కొందరు బతుకుతున్నారు, కానీ ఖర్చు మన జీతాలకు అందేది కాదు.

ఊళ్ళో పుట్టుమచ్చకు, పులిపిరికి సున్నం, సోడా కలిపి పెట్టి కాలుస్తారు. పులిపిరయితే పోవచ్చు. క్యాన్సర్ అయితే పైది కాలిపోయి కిందది మిగులుతుంది, పరీక్షకు పంపడానికి డాక్టరుకు సరైన ముక్క కూడా దొరకదు.

ఎమిరేట్స్‌లో, సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం బయట పని నిషేధం ఉందని మీకు తెలుసు. అది వడదెబ్బ కోసం పెట్టినది. అయినా కిరణాలు గట్టిగా ఉండేదీ ఆ వేళే కాబట్టి చర్మానికీ మేలే. ఆ వేళలో పని చేయిస్తుంటే కార్మిక శాఖ హెల్ప్‌లైన్‌కు చెప్పవచ్చు. ఫుల్ చేతుల చొక్కా, మెడ కప్పే గుడ్డ క్రీముకన్నా చవక.

సెలవు మీద ఊరెళ్ళే ముందు అనుమానం ఉన్న మచ్చ ఫోటోలు, ఇక్కడి క్లినిక్ చీటీలు ఫోన్‌లో దాచుకోండి. ముందు జిల్లా ఆసుపత్రిలో చర్మ డాక్టరుకు చూపించి, ముక్క పరీక్ష రాస్తే వెనకాడకండి, ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్నది వట్టి మాట. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్స ఉంది. రేషన్ కార్డులో మీ పేరు ఉందో, విదేశంలో ఉన్నారని తీసేశారో ఇంట్లోవాళ్ళను ఇప్పుడే అడిగి చూసుకోండి, సెలవు రోజులు ఆ కాగితాల కోసం తిరగడానికే అయిపోతాయి.